మగ్గం లేని ఇల్లు

“ఇచ్చేస్తారంట! యశూ, బండి మనకే ఇచ్చేస్తారంట!”

దినకర్ కేక మరమగ్గాల చప్పుడును తోసుకుంటూ లోపలికి వచ్చింది. యశశ్విని అప్పుడు ఆపి ఉంచిన నాలుగో మగ్గం వెనక, దారాల కింద, వజ్రమ్మ అవ్వ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. సంతోషంతో లేవబోయి తల పడుగుకు తగిలించుకుంది.

“మెల్లిగా మే, మెల్లిగా. పోగులు తెగితే మళ్ళీ నేనే గదా అతకాల,” అంది అవ్వ, చేతిలో పని ఆపకుండానే.

యశశ్వినికి పెళ్ళయి నలభై రెండు రోజులు. తాళికి ఇంకా పసుపు ఆరలేదు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో, పొద్దున్నే రైలు అందుకునే మనుషుల మధ్య పెరిగి, బీకాం చదివిన పిల్ల. తిరుత్తణికి పది కిలోమీటర్ల లోపల ఉన్న ఈ వేపకండ్రిగలో ఆమెకు ప్రతిదీ వింతే. వీధి మొత్తం మరమగ్గాలు. ఆ టకటకలకు తల ఊపుతూ పోపు వేయడం రెండో వారానికే అలవాటయింది. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది ఈ అవ్వ పని. ఒక పడుగు నేసి అయిపోయిందంటే కొత్త పడుగు పోగులను పాత పోగుల కొనలకు ఒక్కొక్కటిగా అతకాలి. మూడు వేల పోగులు. వజ్రమ్మ కొబ్బరి చిప్పలోని బూడిదలో వేలు అద్ది, రెండు కొనలను కలిపి ఒక్క మెలిక తిప్పేది. చూసేలోపల అయిపోయేది. ఎక్కడ కలిసిందో కంటికి కనబడదు.

“ఈ బూడిద మా పొయ్యిదే అయ్యుండాల. గ్యాసు పొయ్యిలోళ్ళకు ఈ భాగ్యం యాడిది?” అని నవ్వేది.

ఆమెకు సొంత మగ్గం లేదు. మొగుడు పోయిన ఏడే అమ్మేసింది. కానీ ఆ వీధిలో ఆమె వేళ్ళు తగలని పడుగు లేదు.

దినకర్ లోపలికొచ్చి భార్య చెయ్యి పట్టి దారాల కిందనుంచి లాగాడు. గుమ్మిడిపూండిలో రంగుల ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు హేమనాథ్ ఫోన్ చేశాడట. ఫ్యాక్టరీకి కొత్త ఫైర్ పంపు వచ్చింది. పాతది, రెండు చక్రాల మీద ట్రాక్టరు వెనక తగిలించుకొని పోయేది, ఏదైనా ఊరికి ఊరికే ఇవ్వాలని మేనేజరు అన్నాడట. హేమనాథ్ వేపకండ్రిగ పేరు రాయించేశాడు.

“ఎర్రదేనా బావా?” అంది యశశ్విని.

“ఎర్రదే. గంట కూడా ఉండాదంట.”

“గంట కూడానా!” అని ఆమె గంతేసింది. వజ్రమ్మ దారాల కిందనుంచే నవ్వింది. “పిచ్చిపిల్ల. మంటలార్పేదానికి మంగళవాయిద్యం అడగతాది.”

కానీ ఆ వార్త విలువ అవ్వకూ తెలుసు. రెండేళ్ళ కిందట ఇదే వీధిలో ఒక షెడ్డు తగలబడింది. టౌను నుంచి బండి పొలాల దారి పట్టి వచ్చేసరికి ఇనుము తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మరుసటి రోజే దినకరూ, ఇంకో అయిదుగురూ ఒక గుంపు కట్టారు. జీతం లేదు, బత్తెం లేదు. పొలం మోటారు, ఇరవై బక్కెట్లు, ఒక చిల్లుల పైపు. ఎక్కడైనా మంట లేస్తే మగ్గం అక్కడికక్కడ ఆపి పరుగెత్తేవాళ్ళు. మంట ఆరాక తువ్వాలు పరిస్తే ఊరు ధారాళంగా డబ్బులు వేసేది. పొగ వాసన పోయేసరికి ఆ ధారాళం కూడా పోయేది. “ఊరు కాలితేనే మాకు డీజిలు,” అని దినకర్ నవ్వుతూ చెప్పినా, అందులో నవ్వు తక్కువ.

ఆ సాయంత్రం వీధి పెద్ద పొన్నుస్వామి అరుగు మీద పంచాయతీ కూడింది. పొన్నుస్వామి అంటే యశశ్వినికి మామగారే.

“బండి సుమ్మ, ఊరికే వస్తాది, సరే. దాన్ని మేపేదెట్ల?” అన్నాడాయన.

“డీజిలు కావల, బ్యాటరీ కావల. పైపు ఏడాదికొకటన్నా పోతాది,” అన్నాడు దినకర్.

ఎదురింటి దామోదరన్ గొంతు సవరించుకున్నాడు. “ఎవురింట్లో మంటొస్తే వాళ్ళు ఇచ్చుకునేది. అందరమూ ఎందుకు?”

“ఇల్లు కాలి వీధిలో నిలబడినోడి ముందర బిల్లు చాపమంటావా అన్నా?”

“అట్ల కాదురా...”

“ఇంకెట్ల?”

లోపల్నుంచి అత్తగారు వనజాక్షి గొంతు వచ్చింది. “ఇంటికింత అని పెట్టేయండి. పొద్దుపోతా ఉండాది, దోసెపిండి పులిసిపోతాది.”

పొన్నుస్వామి తల అడ్డంగా తిప్పాడు. “నాలుగు మగ్గాలోడికీ, పూలమ్ముకునే దానికీ ఒకే లెక్కా? అది న్యాయమా? మనూర్లో ఏదైనా మగ్గం లెక్కే. మా నాయన కాలం నుంచీ అంతే. ఆడికృత్తిక పండక్కి కొండకు పోయే కావడోళ్ళకు అన్నం పెట్టినా, దిక్కులేనోడికి పాడె కట్టినా, మగ్గానికింత. ఉండేటోడు ఇస్తాడు, లేనోడు తింటాడు. ముసలీ ముతకా దగ్గర చెయ్యి చాపే పాపం మనకొద్దు.”

అందరి తలలూ ఊగాయి. తలుపు చాటున నిలబడిన యశశ్వినికి ఒళ్ళు పులకరించింది. ఎంత మంచి ఊరికి కోడలినయ్యాను అనుకుంది.

“అమ్మాయ్, నువ్వు బీకాం గదా. జాబితా నువ్వే రాయి. తెలుగులో రాస్తావా, అరవంలోనా?” అని మామగారు పిలిచి అడిగాడు.

“రెండింట్లోనూ రాస్తా మామా. మీకు తెలుగు, బావకు అరవం.”

“నాకు?” అంది వనజాక్షి.

“మీకు చదివి వినిపిస్తా అత్తా.”

ఆ వారమంతా యశశ్వినికి పండగే. రేకు ముక్కలు కోయించి, పసుపుపచ్చ రంగు వేసి, మీద ఎర్రగా ఇంటి నెంబరు, కింద దినకర్ ఫోను నెంబరు రాసింది. లెక్క కట్టే ఇంటికొక రేకు; మగ్గాలున్న ఇళ్ళు ముప్పయ్యెనిమిది. ముక్కుకు రంగంటుకుంటే దినకర్ తుడవబోయి ఇంకొంచెం పూసేవాడు. దామోదరన్ తనకు ఎనిమిది వద్దన్నాడు, ఆ నెంబరు కలిసిరాదట. “అయితే ఏడున్నర రాయనా అన్నా?” అందామె. వీధి వీధంతా నవ్వింది. చివరికి ఆయనకు ఏడు ఏ వచ్చింది.

రేకులు కొట్టుకుంటూ చివరిదాకా పోయేసరికి వజ్రమ్మ గుడిసె ముందు నిలబడి ఉంది. చెరుకాకు కప్పిన గుడిసె. వాకిలి అలికి, ముగ్గు వేసి ఉంది. అవ్వ తల దువ్వుకుని ఉంది. కొంగు ముడి అప్పటికే విప్పి, రెండు ఇరవై రూపాయల నోట్లు అరచేతిలో పట్టుకుని ఉంది.

“నాకేం నెంబరు మే?”

యశశ్విని చేతిలో ఒక్క రేకూ మిగల్లేదు. మిగలకుండా లెక్కగా చేసినందుకు ఆమె అప్పటిదాకా మురిసిపోతూ ఉంది.

“నీకు మగ్గం లేదు గదా అవ్వా!” అంది నవ్వుతూ. “నీ దగ్గర తీసుకుంటే నా కండ్లు పోతాయి. నీకు ఫ్రీ!” ఆ నోట్లున్న చేతిని రెండు చేతులతో మూసి, అవ్వ బుగ్గకు ముద్దు పెట్టి, సుత్తి ఊపుకుంటూ వెనక్కి తిరిగింది.

వజ్రమ్మ నోట్లను మడిచి మళ్ళీ కొంగులో పెట్టి ముడి వేసింది. పడుగు దారానికి వేసే ముడి అది, లాగేకొద్దీ బిగుసుకుంటుంది. యశశ్విని వెనక్కి తిరిగి చూసి ఉంటే ఆ ముడిని చూసేది. చూడలేదు. అంత సంతోషంలో ఉన్నప్పుడు మనిషి వెనక్కి ఎందుకు చూస్తాడు?

బండి వచ్చిన రోజు దాన్ని వీధిలో నిలిపి, నీళ్ళు ఆకాశానికి కొట్టారు. ఎండలో ఇంద్రధనుస్సు ఒకటి దామోదరన్ మిద్దెమీద వాలింది. యశశ్విని పట్టుచీర తడిసి ముద్దయింది. వనజాక్షి తిట్టింది, తిడుతూనే కొబ్బరికాయ కొట్టింది. అందరికీ చక్కెరపొంగలి. వజ్రమ్మ వరస చివర నిలబడి ఆకుదొన్నె పట్టుకుంది. అన్ని పంక్తుల్లోనూ ఆమె అక్కడే నిలబడుతుంది. మగ్గాల ఇళ్ళవాళ్ళు ముందు, తర్వాత మిగిలినవాళ్ళు. ఎవరూ నిలబెట్టిన వరస కాదు, అలా నడిచిపోతూ ఉంది, అంతే. ఆ రోజు ఆమె బండి దగ్గరికి పోయి, ఎర్రటి రేకును ఒక్కసారి వేలితో తాకి, వెంటనే చెయ్యి తీసేసింది.

చిత్తిరై నెల ఎండలు ముదిరాయి. తిరుత్తణి కొండ గాలికి కూడా వేడి పట్టింది. ఒక మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు పోయింది.

మరమగ్గాల వీధిలో కరెంటు పోవడమంటే చెవులు ఒక్కసారిగా తెరుచుకోవడం. పొద్దున్నుంచీ మనిషి మాట మనిషికి వినబడని చోట పిచ్చుక ముక్కు గీకినా వినిపిస్తుంది. యశశ్వినికి ఆ నిశ్శబ్దం ఇష్టం. ఎప్పుడు కరెంటు పోయినా చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఆ రోజూ వచ్చింది.

ముందు వాసన తగిలింది. అత్త మిరపకాయలు వేయిస్తోందేమో అనుకుంది. తర్వాత ఒక చప్పుడు. ఎండు కంది కట్టెలు విరుస్తున్నట్టు పటపటమని. దాని మధ్యలో ఇంకొకటి, ఖాళీ బిందె కుళాయికి తగిలిన ఖంగుమనే చప్పుడు. కాసేపాగి మళ్ళీ ఖంగుమంది.

కేకలు లేవు. అదే ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. ఒక్క కేక కూడా లేదు.

వీధి చివర పొగ నల్లగా లేస్తూ ఉంది. యశశ్విని పరుగెత్తింది, “బావా, బండి! బండి!” అని అరుస్తూ. ఆమె చేరేసరికి వజ్రమ్మ వీధి కుళాయికీ గుడిసెకూ మధ్య నడుస్తూ ఉంది. పరుగు కాదు, నడకే. సన్నంగా కారే కుళాయి కింద బిందె పెట్టి, సగం నిండేదాకా ఆగి, తీసుకుపోయి పోస్తూ ఉంది. బిందె పోసి, కాలుతున్న చెరుకాకును రెండు చేతులతో పట్టి లాగి కింద వేస్తూ ఉంది. యశశ్విని నడుము పట్టుకుని వెనక్కి లాగితే, “వదులు మే, ఈ పక్కకొక్కటే గదా అంటుకునింది,” అంది. అప్పటికి నాలుగు పక్కలా అంటుకుని ఉంది. మాట మామూలుగానే ఉంది. చేతులు మాత్రం మామూలుగా లేవు.

బండి గంట కొట్టుకుంటూ వచ్చింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఆరు నిమిషాల్లో మంట ఆరిపోయింది. బండిలో తప్పు లేదు, పైపులో చిల్లు లేదు. ముప్పయ్యెనిమిది ఇళ్ళు పోయించిన డీజిలు ట్యాంకు నిండా ఉంది. గుడిసె మాత్రం లేదు. అలికిన వాకిలి మిగిలింది. దాని మీద పొద్దుటి ముగ్గు నీళ్ళకు కరిగిపోతూ ఉంది.

“ఎంతసేపయింది అవ్వా, అంటుకోని?” అన్నాడు దినకర్, మొహం తుడుచుకుంటూ.

“పావుగంట అయ్యుంటాది నాయనా. మగ్గాలు ఆడతా ఉండె.”

అతను పైపును కింద పడేసి బండి చక్రం పక్కన కూలబడ్డాడు.

అంబులెన్సులో తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి యశశ్వినే వెంట పోయింది. పుట్టింటికి దగ్గరే కాబట్టి పన్నెండు రోజులు మణవాళనగర్ నుంచి గంజి, రసం మోసుకుంటూ తిరిగింది. రైలు వంతెన దిగుతుంటే ఉదయం ఎండలో పట్టాలు వెండిలాగా మెరిసేవి. మామూలుగా అయితే ఆగి చూసేది. ఇప్పుడు చూసినా సిగ్గేసి తల వంచుకునేది.

మూడో రోజు డాక్టరమ్మ కట్టు మారుస్తూ, చర్మం కడుతుంది, వేళ్ళు మాత్రం మునుపటిలా చాపలేదు అంది. ఏం పని చేస్తుంది ఈమె అని అడిగింది. యశశ్వినికి ఎలా చెప్పాలో తెలియలేదు. “దారాలు అతుకుతుంది,” అంది. “కుట్టుపనా?” అంది డాక్టరమ్మ. కాదన్నట్టు తల ఊపింది.

ఆ మధ్యాహ్నం గంజి తాగిస్తూ అడిగేసింది. “ఎందుకు అరవలేదు అవ్వా? ఒక్క కేక వేసుంటే సాలు గదా. మగ్గాల్లో వినబడకపోతే వచ్చి తలుపు తట్టుంటే సాలు గదా. యాభై అడుగులు లేదు మా ఇల్లు.”

వజ్రమ్మ చెంచా వంక చూసింది.

“ఏమని పిలిచేది మే? నేను ఇయ్యలేదు గదా.”

“నేనే గదా వద్దనింది!”

“నువ్వు మంచిదానివే. నీది తప్పని అనలేదు.” గంజి ఒక గుక్క మింగింది. “కృత్తికకు అన్నం పెడతారు, పోతా, తింటా. అది వేరే. వరసలో ఆఖర్న నిలబడుకోని మిగిలింది తినేది. దీనికి ఆఖరు యాడుండాది? ఆరు మంది మగ్గాలు ఆపుకోని పరిగెత్తి రావాల. ఊరి డీజిలు కాలాల. ఇయ్యనిదాన్ని, యే మొగం పెట్టుకోని గంట కొట్టించేది? రెండు బిందెలకు ఆరిపోతాదనుకున్నా. ఆరింటే ఎవురికీ తెలీకుండా పోయుండు.”

యశశ్విని చెంచా గిన్నెలో పెట్టింది. ఆమెకు తన గొంతే వినిపించింది. నీకు ఫ్రీ. ఎంత తీపిగా అన్నదో, ఎంత తేలిగ్గా తిరిగి పోయిందో. దారిలో సుత్తి ఊపుకుంటూ ఏదో పాట కూడా కూనిరాగం తీసింది.

మధ్యలో ఒకరోజు వేపకండ్రిగకు వస్తే బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. దినకర్ దాని వంక చూడటం మానేశాడు. మిగతా అయిదుగురూ అటువైపు వీధిలో నడవటమే మానేశారు.

“హేమనాథ్‌కు ఫోన్ చేస్తా. తిరిగి తీసుకోమంటా,” అన్నాడు దినకర్ మధ్యాహ్నం అన్నం ముందు.

“తీసుకోనిపోతే?”

“పోతే పోనీ. పావుగంట యశూ. పావుగంట ఆమె ఆడ బిందెలు మోస్తా ఉండె, నేను ఈడ లుంగీ నేస్తా ఉంటి. ఈ బండి ఎవురికని?”

వీధిలో మూడు మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. పడుగు అయిపోయింది, కొత్తది అతికే చెయ్యి లేదు. పక్క ఊరినుంచి ఒకామెను పిలిపిస్తే, ఆమె అతికిన చోటల్లా పోగులు జారిపోయాయి. దామోదరన్ ఊరికే మగ్గం ముందు కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కాల్చి, నిప్పు పూర్తిగా ఆరిందో లేదో రెండుసార్లు కాలితో తొక్కి చూస్తున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర యశశ్విని మొదటిసారి మామగారి మాటకు ఎదురు చెప్పింది.

“మామా, నిప్పుండేది మగ్గంలో కాదు. పొయ్యిలో. లెక్క పొయ్యికి పెడదాం.”

వనజాక్షి చేతిలో గరిటె ఆగింది. పొన్నుస్వామి అన్నం కలుపుతూనే ఉన్నాడు.

“పూలమ్ముకునే దాని దగ్గర దుడ్డు లాగమంటావా?”

“లాగొద్దు మామా. నాలుగు మగ్గాలోళ్ళు నాలుగింతలు ఇయ్యనీ, అది మీరు చెప్పిందే న్యాయం. లేనోళ్ళు ఏమిస్తే అది. రూపాయిస్తే రూపాయి. బండి కడిగిస్తే అదీ సరే. నువ్వు ఇయ్యద్దు అని మాత్రం ఎవురికీ చెప్పద్దు. నేను అవ్వకు చెప్పినాను మామా. నవ్వతా చెప్పినా.”

“లేనోళ్ళను వదిలిపెట్టేది మంచని మా నాయన...” అని ఆయన ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని ఎప్పుడూ పూర్తిచేసే మనిషి. ఆ రోజు సగంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. దినకర్ భార్య వంక చూశాడు. వనజాక్షి మాత్రం కోడలి కంచంలో ఇంకో గరిటె చారు పోసింది.

పదమూడో రోజు వజ్రమ్మను ఇంటికి తెచ్చారు. ఇల్లు లేదు కాబట్టి పొన్నుస్వామి అరుగు మీదికే. రెండు చేతులకూ తెల్లగా కట్లు, ఒళ్ళో రెండు పత్తి మూటల్లా పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి వీధి అంతా వచ్చి చుట్టూ నిలబడింది. పండ్లు తెచ్చారు, బిస్కెట్లు తెచ్చారు. ఎవరూ ఆమె చేతుల వంక చూడలేదు. అందరూ ఆమె చేతుల గురించే వచ్చారు.

పొన్నుస్వామి గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళు ఆలోచించానన్నాడు. బండికి ఇక మగ్గం లెక్క లేదన్నాడు. పొయ్యి ఉన్న ప్రతి ఇల్లూ లెక్కలోకి వస్తుంది, ఎవరి శక్తికొద్దీ వాళ్ళు ఇస్తారు, అందరికీ నెంబరు ఉంటుంది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నేలమీదే ఉన్నాయి.

“మాకు గ్యాసు పొయ్యి ఒకటి, కట్టెల పొయ్యి ఒకటి. రెండు లెక్కా?” అన్నాడు దామోదరన్.

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు నిలబడలేదు, ఎందుకంటే వజ్రమ్మ అప్పుడే మాట్లాడింది.

“పొయ్యి లెక్కంటావా పొన్నుస్వామీ. నాకు ఇప్పుడు పొయ్యి కూడా లేదు గదా. మళ్ళీ నేను లెక్కలో రాను.”

నిష్ఠూరం కాదది. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

“మే,” అంది అవ్వ యశశ్విని వైపు తిరిగి. “ఆస్పత్రి సంచిలో నా పాత చీర ఉండాదా? కొంగు పక్క చూడు.”

యశశ్విని సంచి విప్పింది. పొగ వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టింది. చీర సగం లేదు. ఒక మూల మాత్రం మిగిలి ఉంది, ఆ మూలన ముడి. గోళ్ళతో లాగింది, రాలేదు. లాగేకొద్దీ బిగుసుకుంది. చివరికి పళ్ళతో పట్టి, బూడిద రుచి నాలుకకు తగులుతుంటే, ఒక్కొక్క మెలికా వదిలించింది. రెండు ఇరవై రూపాయల నోట్లు. అంచులు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

“ఇప్పుడన్నా తీసుకుంటావా?” అంది అవ్వ.

“తీసుకుంటా అవ్వా,” అంది యశశ్విని. రెండు చేతులూ చాపి, తనకు తానే ఇచ్చుకున్నట్టుగా ఆ నోట్లను పట్టుకుని నిలబడింది. ఇచ్చే చేతులు అవ్వ ఒళ్ళో కట్లలో ఉన్నాయి.

“పొయ్యి పెట్టినా, అంటించేదానికి నాకు వేళ్ళు యాడుండాయి?” అంది వజ్రమ్మ మెల్లిగా, ఎవరితోనూ కాదన్నట్టు.

మగ్గాలు ఆగి చాలాసేపయింది. వీధి చివర, కాలిన గుడిసె మీదుగా వచ్చే గాలి ఇంకా మసి మోసుకొస్తూనే ఉంది.

పొన్నుస్వామి లేచి నిలబడ్డాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“రేపు పొద్దున ఎవురూ మగ్గం ఆన్ చేయొద్దు,” అన్నాడు. “ఏడు గంటలకంతా అందరూ వజ్రమ్మ జాగా కాడికి రాండి. దినకర్, నువ్వూ నీ గుంపూ బండి తీసుకోని రాండి, ఆ బూడిదంతా కడగాల. దామోదరా, మూడు రాళ్ళు, గంపెడు బంకమన్ను నీది. ముందు ఆడ పొయ్యి పెట్టేది. లెక్క ఆడనించే మొదలు.” కోడలి వైపు తిరిగాడు. “అమ్మాయ్, పసుప్పచ్చ రంగు మిగిలుండాదా?”

“ఉండాది మామా.”

“అయితే రేకొకటి కోయించి పెట్టు. ఏడుకంతా తే.”